నీటి ప్రమాదములు, పాఠశాల భాషోత్సవము: పంచాయతీల కర్తవ్యము

కృష్ణా డెల్టాలో నీటితో పొత్తు లేని గ్రామము లేదు. విజయవాడవద్ద 1855లో పూర్తియైన ఆనకట్ట తొలుతను, 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి తరువాతను ఈ సీమను అన్నపూర్ణగా చేసినవి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ, పడమటి డెల్టాలో కొమ్మమూరు కాలువ మన ఊళ్ల చెంతనే పారుచున్నవి. అయితే అన్నము పెట్టు నీరే, ఏమరుపాటున ఉన్నపుడు ప్రాణము తీయును. 2017 నవంబరు 12వ తేదీన విజయవాడ చేరువన ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణలో పడవ తిరుగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. అట్టి వార్తలు పత్రికల కెక్కును. రేవులో కాలుజారిన పసిబిడ్డ సంగతి ఊరిపొలిమేర దాటదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో నాలుగవ వంతు 5 ఏండ్ల లోపు పిల్లలు. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25వ తేదీని ఈ మరణముల నివారణకు ప్రత్యేక దినముగా నిర్ణయించినది. బడి పిల్లలకు ఈతయు, అపాయము లేకుండ ఇతరులను కాపాడు పద్ధతియు నేర్పుట ఆ సంస్థ సూచించిన ముఖ్య మార్గములలో ఒకటి.

సముద్రపుటొడ్డున నేర్చు విద్య

అలలలో చిక్కినవారిని రక్షించు విద్య ఆస్ట్రేలియాలో 1907 ప్రాంతమున సంఘములుగా ఏర్పడి, పిమ్మట అనేక దేశములకు వ్యాపించినది. మన గ్రామమునుండి ఒక విద్యార్థి ఇట్టి శిక్షణకు వెళ్లెననుకొందము. అతడు మొదట నేర్చునది నీటిలో దుముకుట కాదు, నీటిని చదువుట. మంగినపూడి, హంసలదీవి వంటి తీరములందు ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఒక్కొక్కచోట ఇరుకు పాయగా కూడి, వడిగా సముద్రములోనికి మరలును. అందు చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదినచో అలసి మునుగును. బెదరక తేలుచు, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ పాయను దాటిన పిమ్మట తీరమునకు రావలెను.

అతడు నేర్చు రెండవ పాఠము మన కాలువలకు ఇంకను ముఖ్యమైనది. మునుగుచున్నవాడు ప్రాణభయముచే దగ్గరకు వచ్చినవానిని గట్టిగా కౌగిలించుకొనును. గజ ఈతగాడైనను ఆ పట్టు విడిపించుకొనుట కష్టము. ఒకరిని కాపాడబోయి వేరొకరు మరణించుటకు ఇదియే తరచు కారణము. అందుచే శిక్షణ లేనివారు నీట దిగరాదు. మొదట కేకవేసి పదిమందిని పిలువవలెను. పిమ్మట ఒడ్డున బోర్ల పరుండి కర్రగాని, పంచెగాని అందించవలెను. అందనిచో తాడు విసరవలెను. మూత బిగించిన ఖాళీ డబ్బా, గాలి నింపిన ట్యూబు కూడ మనిషిని తేల్చును. లాకులు, తూములవద్ద నీరు పైకి నిశ్చలముగా కన్పించినను అడుగున లాగుచుండును. అచ్చట మరింత జాగ్రత్త అవసరము.

ఒడ్డునకు చేర్చిన పిమ్మట తలక్రిందులుగా త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట మన పల్లెలలో ఉన్న అలవాటు. ఇది హానికరము, విలువైన కాలము వృథా యగును. మునిగినవానికి కావలసినది గాలి. వెంటనే 108కి ఫోను చేయించి, శ్వాస లేనిచో నోటిద్వారా గాలి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 సార్ల వేగముతో నొక్కవలెను. 30 నొక్కులకు 2 ఊదులు. ఇది చదివిన మాత్రమున రాదు, చేతితో అభ్యసించవలెను.

భాషోత్సవమునకు దీనికి సంబంధమేమి?

శిక్షణ పొందిన విద్యార్థి తెచ్చిన యోగ్యతాపత్రము పెట్టెలో దాగినచో ఊరికి కలుగు లాభము లేదు. ఆంగ్లములో విన్న పాఠము ఊరివారి నోట తెలుగై పలుకవలెను. అందులకు తగిన దినము ఆగస్టు 29. అది 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిగారి జయంతి. తెలుగు భాషా దినోత్సవము. పాఠశాల భాష జనుల నోటనున్న భాషకు దగ్గరగా ఉండవలెనని వారు జీవితాంతము పోరాడిరి. సవరల భాష నేర్చి, ఆ బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి.

కావున నాటి ఉత్సవములో పద్యములు, ఏకపాత్రాభినయములతో పాటు ఒక అరగంట దీనికి కేటాయింపుడు. పిల్లలు ఆవరణలో సుద్దతో కాలువ గీసి, తాడు విసరి చూపుదురు. ఒడ్డున నిలిచి ఏమని కేకవేయవలెనో అందరిచేత పలికింపవలెను: “భయపడకు! తల పైకెత్తు! ఇదిగో తాడు, పట్టుకో!” ఆపదలో పొడవైన వాక్యము పనికిరాదు. విజయవాడ, బందరు ప్రాంతములలో ఉర్దూ మాటలాడు కుటుంబములు గలవు. ఇటుక బట్టీలకు ఒడిశానుండి కూలీలు వచ్చుచుందురు. ఆ పిల్లలు అవే మాటలను తమ భాషలో చెప్పినచో అది నిజమైన భాషోత్సవమగును. మన ఊరికి కొత్తవారైన తల్లులకును రేవు గుణము తెలియును.

పంచాయతీలు చేయదగినవి

1. గ్రామములోని ప్రమాదకరమైన రేవులు, లాకులు, చెరువుగట్లు గుర్తించి, ఊరివారి భాషలన్నిటిలో బోర్డులు పెట్టించుట.

2. ప్రతి రేవున పొడవైన తాడు, వెదురుకర్ర, ట్యూబు ఉంచి, వాటి బాధ్యతను ఒక సభ్యునికి అప్పగించుట.

3. నడక నేర్చిన పిల్లలు నీటివైపు పోకుండ ఇండ్లచెంత, అంగన్‌వాడీలచెంత కంచె వేయించుట. పొలము పనుల వేళ వారిని కనిపెట్టు ఏర్పాటు చేయుట.

4. ఎండిన సొరబుర్ర నడుమునకు కట్టి ఈత నేర్పిన పెద్దలు మన ఊళ్లలో నేటికిని గలరు. వారి పర్యవేక్షణలో బాలబాలికలకు ఈత నేర్పించుట.

5. ఇద్దరు విద్యార్థులను, వారిలో ఒక బాలికను, శిక్షణకు ఎన్నుకొనుట. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళపు 10వ బెటాలియను గన్నవరము చెంత కొండపావులూరులోనే యున్నది. మండలాధికారులద్వారా పాఠశాలలో ప్రదర్శన ఏర్పాటు చేయవలసినదిగా కోరవచ్చును.

వీనిలో పెద్ద వ్యయముతో కూడినది ఒక్కటియు లేదు. రాబోవు గ్రామసభలో ఈ విషయము చర్చకు తెండు. తాడు రేవున ఉండి, దానిని ఎట్లు విసరవలెనో తెలిసిన పిల్లవాడు దగ్గర ఉండి, పట్టుకొమ్మను మాట మునుగువానికి అర్థమైననాడు ఒక ప్రాణము దక్కును. ఆ తాడును, ఆ విద్యను, ఆ మాటను సిద్ధముగా ఉంచుట పంచాయతీ చేతిలోని పని.