అంగిట్లో గట్టి బుడిపె: భయపడాలా?

నాలుకతో అంగిలి తడుముకుంటే మధ్యలో ఎముకలా గట్టిగా తగులుతోందా? అర్ధరాత్రి ఫోన్‌లో వెతికి క్యాన్సర్ అని డిసైడ్ అయిపోకండి. చాలాసార్లు అది టోరస్. కింది పళ్ల లోపలివైపు కూడా వస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే మామూలు ఎముకే, నొప్పి ఉండదు. డెంటిస్ట్ చూసి, తడిమి చెప్పేస్తారు. మాటిమాటికీ గీసుకుపోతుంటేనో, కట్టుడు పళ్లకు అడ్డొస్తేనో తప్ప తీయించక్కర్లేదు.

తీయిస్తే మాత్రం రెండు మూడు రోజులు వాపు, నొప్పి బాగానే ఉంటాయి. పైనుండే పొర పల్చన కదా! చల్లటి మజ్జిగన్నం తినండి, సిగరెట్ ముట్టొద్దు. ఆ తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరుగుతోందంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఇంకోటి, బుడిపె మెత్తగా ఉన్నా, నోట్లో పుండు రెండు వారాలకీ మానకపోయినా ఇదీ టోరస్సేలే అని వదిలేయొద్దు, చూపించుకోవాల్సిందే.