వీరవేషం - ఇంటి సూది

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవంలో జరిగిన విచిత్ర వేషధారణ పోటీలో ఒక విద్యార్థి నీలపు దుస్తులు, వీపుపై ఎర్రని ఉత్తరీయం ధరించి సూపర్‌మాన్ వేషంలో వేదికపైకి వచ్చి ప్రథమ బహుమతి గెలుచుకొన్నాడు. ఆ దుస్తులు ఎక్కడివని అడుగగా "నగరంలో కొన్నాను సార్" అని బదులిచ్చాడు. నిర్ణేతలలో మేమూ ఒకరము. తరువాత తెలిసినదేమనగా, వాటిని అతని తల్లి ఇంట్లోని పాత తొక్కుడు మిషనుపై నాలుగు రాత్రులు కూర్చొని కుట్టింది. "ఇంట్లో కుట్టారంటే చులకన చేస్తారనుకొన్నాను సార్" అని అతడు మాతో ఒంటరిగా అన్నాడు. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం. ఇంటి సూదితో వీరవేషం కుట్టడంలో ఎంతటి విద్య ఇమిడి ఉన్నదో విద్యార్థినీ విద్యార్థులకు వివరించదలచాము.

వేషం కట్టడం మనకు క్రొత్త కాదు. పగటివేషాలు, సురభి నాటకాలు, పీర్ల పండుగనాటి పులివేషాలు మనం ఎరిగినవే. అయితే బొమ్మల కథలలోని వీరుల దుస్తులకు వేరొక చరిత్ర కలదు. సూపర్‌మాన్ 1938లో అమెరికాలో ఒక బొమ్మల పత్రికలో పుట్టాడు. మరుసటి సంవత్సరం, 1939లో, న్యూయార్కులో తొలి ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సాహిత్య సమ్మేళనం జరిగింది. దానికి ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే యువకుడు భవిష్యత్కాలపు మనిషి వేషంలో, భుజాలపై కేప్‌తో వచ్చాడు. ఈనాడు కాస్‌ప్లే అని పిలువబడే వినోదానికి చరిత్రకారులు దీనిని తొలి ఘట్టంగా చెబుతారు. ఆ పేరు మాత్రం జపానులో 1980ల తొలి భాగంలో ఏర్పడింది. 2013లో హైదరాబాదులో కామిక్ కాన్ మొదలైన తరువాత మన యువకులకూ ఇది పరిచితమైంది.

ఆకర్‌మన్ పేరు చిరకాలం వినిపించింది. కాని ఆ దుస్తులను రూపొందించి కుట్టినది అతని స్నేహితురాలు మర్టిల్ డగ్లస్. ఆమె కూడా తన దుస్తులను తానే కుట్టుకొని ఆ సమ్మేళనానికి వచ్చింది. అయినను కీర్తి చాలాకాలం ధరించినవానికే దక్కింది. కుట్టినచేతికి ఆలస్యంగా అందింది. మన విద్యార్థి కథకూ దీనికీ దూరం ఎక్కువ లేదు.

ఇక పనిని గూర్చి చెప్పుకొందాము. వీరుని దుస్తులు శరీరానికి అంటిపెట్టుకొని ఉండవలెను, ఐనను చేయి ఎత్తినప్పుడు చిరుగరాదు. చొక్కా గుడ్డ పడుగు పేకలతో నేసినది. దానిని నిలువుగా, అడ్డంగా లాగితే సాగదు. ఐమూలగా లాగితేనే కొంత సాగుతుంది. బనియను గుడ్డ అట్లు కాదు. అది ఉచ్చులు ఉచ్చులుగా అల్లినది కనుక సాగుతుంది. 1958లో అమెరికాలో జోసెఫ్ షివర్స్ అనే శాస్త్రవేత్త కనుగొన్న లైక్రా దారం అనేక రెట్లు సాగి మరల యథాస్థితికి వస్తుంది. ఆ దారం కలిసిన, నాలుగువైపులా సాగే గుడ్డయే ఇందుకు తగినది.

ఇక్కడ కొలతల లెక్క తలక్రిందులగును. ఛాతీ 36 అంగుళాలు ఉన్నవానికి దర్జీ చొక్కాను సుమారు 40 అంగుళాలకు కత్తిరిస్తాడు. సాగే గుడ్డనైతే దాదాపు పదవవంతు తగ్గించి, 32½ అంగుళాలకు కత్తిరించవలెను. నిలువు కొలతను అంతగా తగ్గించరాదు. తగ్గిస్తే కూర్చున్నప్పుడు భుజాలను క్రిందికి లాగుతుంది. ముందుగా పాత బనియను గుడ్డపై కచ్చా కుట్టు వేసి తొడిగి చూచుట వివేకం.

కుట్టు కూడా గుడ్డతోపాటు సాగవలెను. మామూలు తిన్నని కుట్టు వేస్తే గుడ్డ సాగుతుంది గాని దారం సాగదు, పటుక్కున తెగుతుంది. అందుకే జిగ్‌జాగ్ కుట్టు వేస్తారు. ఆ వసతి లేని తొక్కుడు మిషనుపై గుడ్డను ముందూ వెనుకా స్వల్పంగా లాగి పట్టుకొని, పాలియెస్టరు దారంతో కుట్టవచ్చును. సూది మొన వాడిగా ఉంటే అల్లికలోని పోగులను తెంచి రంధ్రాలు చేస్తుంది; మొన గుండ్రనైన బాల్‌పాయింట్ సూది వాటిని ప్రక్కకు జరుపుతుంది.

కేప్ కత్తిరింపు శుద్ధ రేఖాగణితం. అర్ధచంద్రాకారపు కేప్‌కు మెడ కొలత 16 అంగుళాలైతే, దానిని 3.14 చేత భాగించగా సుమారు 5 అంగుళాల వ్యాసార్ధం వస్తుంది. పొడవు 40 అంగుళాలు కావలెనన్న, బయటి వ్యాసార్ధం 45 అంగుళాలు. 45 అంగుళాల పన్నా గల గుడ్డ రెండున్నర గజాలు సరిపోతుంది. మడతలకు కావలసినది మాత్రం ఈ పొడవులోనే పోతుంది. కత్తిరించిన వెంటనే అంచు మడవరాదు. ఐమూల భాగాలు తమ బరువుకు సాగుతాయి కనుక ఒక రాత్రి వ్రేలాడదీసి, హెచ్చుతగ్గులు సరిచేసి కుట్టవలెను. దానిని గొంతుకు ముడివేయక, భుజాలవద్ద టిచ్చు గుండీలతో తగిలించవలెను. ఎక్కడైనా చిక్కుకొంటే గుండీలు ఊడుతాయి, ప్రాణానికి ముప్పు ఉండదు.

ఈ సందర్భంలో మన విద్యార్థినులకు కమలా ఖాన్‌ను పరిచయం చేయక తప్పదు. జెర్సీ నగరంలోని పాకిస్తానీ కుటుంబపు బాలికగా 2013లో మార్వెల్ బొమ్మల కథలలో ప్రవేశించి, 2014లో తన పేరిటనే పత్రిక పొందిన వీరబాలిక ఆమె. ఆ కథలో ఆమె వీరదుస్తులను తన బుర్కినీ నుండియే సిద్ధం చేసుకొంటుంది. బుర్కినీ అనగా ఒళ్ళంతా కప్పే ఈతదుస్తు; ఆస్ట్రేలియాలో అహేదా జనెట్టి 2004లో రూపొందించినది. సాగే గుణం, త్వరగా ఆరే గుణం, మర్యాద, మూడూ అందులో ఉన్నవి. వీరులకు కావలసిన గుడ్డ ఆమె పెట్టెలోనే ఉన్నదన్నమాట. 2022లో ఆ కథ ధారావాహిక చిత్రంగా వచ్చినప్పుడు, చివరి భాగంలో ఆమెకు వీరదుస్తులను చేతికి అందించినది తల్లి మునీబాయే. అక్కడ బిడ్డ ఆ సంగతిని దాచలేదు.

మన కళాశాలలో దర్జీల బిడ్డలు, జరీపని చేసే తల్లుల బిడ్డలు అనేకులు చదువుతున్నారు. వ్యాసార్ధం, సాగుదల, పదవవంతు అనే మాటలు మేము నల్లబల్లపై వ్రాస్తే విద్య అని, అవే వారి ఇళ్ళలో సుద్దముక్కతో గుడ్డపై గీస్తే చాకిరి అని భావించుట న్యాయం కాదు.

కళాశాల సంఘంవారికి మా విన్నపం ఒక్కటే. రాబోయే వార్షికోత్సవంలో వేషధారణ బహుమతులు ప్రకటించునప్పుడు ధరించినవారి పేరుతోపాటు కుట్టినవారి పేరు కూడా చదివించవలెను. దీనికి ఖర్చేమీ లేదు. అప్పుడు మరొక విద్యార్థి అదే వేదికపై నిలిచి "మా అమ్మీ కుట్టింది సార్" అని తలెత్తి చెప్పగలడు. ఆ మాట వినవలెనని మేము ఎదురుచూచుచున్నాము.