షజరా మన ఇంటి కంప్యూటర్‌లోనే: బొమ్మ గీసే సర్వర్‌ను సొంతంగా పెట్టుకోండి ఇలా

హనుమకొండ: తాతల నాటి ఇల్లు పంచుకోవాల్సి వచ్చినప్పుడు ముందు తేలాల్సింది దాని ధర కాదు, వారసులు ఎవరెవరన్నది. మన ఇళ్లలో షజరా చాలావరకు పెద్దల నోటిలోనో, పాత డైరీలోనో ఉంటుంది. ఒక పెద్దాయన ఇంతెఖాల్ అయితే సగం పేర్లు ఆయనతోనే పోతాయి. మిగిలిన వాటిలోనూ ముందుగా జారిపోయేవి ఆడపిల్లల పేర్లే. పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన ఫుప్పు పేరు కాగితం మీద లేకపోతే, ఆమె వాటా మాట ఎత్తేవాళ్లు కూడా ఉండరు.

అందుకే షజరా, విరాసత్ వివరాలు రాసి పెట్టుకోవాలి. ఈ పనికి ఇంజినీరింగ్ పిల్లలు వాడే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. దాని పేరు ప్లాంట్‌యూఎంఎల్. 2009లో మొదలైంది, జావాలో రాశారు. మౌస్‌తో గీతలు గీయక్కర్లేదు. మామూలు అక్షరాల్లో పేర్లు రాస్తే పెట్టెలు, గీతలు అదే వేస్తుంది. నిట్ వరంగల్, కాకతీయ యూనివర్సిటీ ఉన్న ఊరు మనది. కంప్యూటర్ సైన్స్ చదివే అబ్బాయో అమ్మాయో దాదాపు ప్రతి ఖాందాన్‌లో ఉంటారు. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని ఇది.

సొంత సర్వర్ ఎందుకు?

ఇంటర్నెట్‌లో ఎవరైనా వాడుకునే ప్లాంట్‌యూఎంఎల్ సర్వర్లు ఉన్నాయి కదా అనొచ్చు. అక్కడ మనం రాసిన పేర్లన్నీ ఆ సర్వర్‌కు వెళ్తాయి. పైగా బొమ్మకు వచ్చే లింకులోనే మన రాత అంతా ఉంటుంది. ఆ లింకులో గజిబిజిగా కనిపించే అక్షరాలు తాళం వేసిన రహస్యం కాదు, రాతను కుదించి పెట్టిన రూపం మాత్రమే. లింకు దొరికిన ఎవరైనా దాన్ని విప్పి చదవొచ్చు. ఇంట్లో ఆడవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు, ఇంటి నంబర్లు రాసిన లింకును గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే ఆ వివరాలన్నీ పంచినట్టే.

అదే సర్వర్‌ను మన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే రాత ఇల్లు దాటదు. ఒకసారి దించుకున్నాక నెట్ లేకున్నా నడుస్తుంది.

పెట్టుకోవడం ఎలా?

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటే చాలు. ముందుగా డాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయాలి. జావా సహా సర్వర్‌కు కావాల్సిన సామానంతా ఒకే డబ్బాలో సర్ది ఇస్తుంది డాకర్. ఆ డబ్బానే కంటైనర్ అంటారు.

తర్వాత టెర్మినల్‌లో ఒకే ఒక్క ఆదేశం ఇవ్వాలి. ఇక్కడ తెలుగు లిపిలో చెబుతున్నాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. 'డాకర్ రన్' అని మొదలుపెట్టి, 'హైఫన్ డి' ఇస్తే సర్వర్ వెనకాల నడుస్తూ ఉంటుంది. ఆ పక్కన 'హైఫన్ పి' ఇచ్చి 127.0.0.1:8080:8080 అని రాయాలి. చివర్లో డబ్బా పేరు: ప్లాంట్‌యూఎంఎల్/ప్లాంట్‌యూఎంఎల్-సర్వర్:జెట్టీ. మొదటిసారి కొన్ని వందల ఎంబీలు దిగుతాయి కాబట్టి మొబైల్ డేటా కన్నా వైఫై మేలు. అయ్యాక బ్రౌజర్‌లో 127.0.0.1:8080 కొడితే రాసుకునే పేజీ తెరుచుకుంటుంది.

రాయడం ఎలా?

పేరు ముందు చుక్క గుర్తు పెట్టడమే. ఒక చుక్క అంటే మొదటి తరం, రెండంటే వాళ్ల పిల్లలు, మూడంటే మనవళ్లు, మనవరాళ్లు. విరాసత్ పట్టీ కూడా ఇలాగే రాయొచ్చు. తల్లిదండ్రులు ముందే పోయిన ఒకాయన, భార్యను, ఇద్దరు కొడుకులను, ఇద్దరు కూతుళ్లను వదిలి మరణించారనుకుందాం:

* మర్హూమ్ అబ్బా
** అమ్మీ: 6/48
** పెద్ద కొడుకు: 14/48
** చిన్న కొడుకు: 14/48
** పెద్ద కూతురు: 7/48
** చిన్న కూతురు: 7/48

దీనికి పైన 'ఎట్ స్టార్ట్ డబ్ల్యూబీఎస్', కింద 'ఎట్ ఎండ్ డబ్ల్యూబీఎస్' అన్న లైన్లు ఉండాలి. 'ఎట్' అంటే ఈమెయిల్ అడ్రసులో వాడే గుర్తు. మిగతా అక్షరాలు ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి.

సూరా నిసా 11, 12 ఆయతుల ప్రకారం పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, మిగిలిన దాంట్లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురుకు ఒక పాలు. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు, మూడో వంతు దాటని వసియ్యత్ తీసేశాకే ఈ పంపకం. భార్యకు చెల్లించని మెహర్ ఉంటే అదీ అప్పే. ఒక్కటి గుర్తుంచుకోండి: సర్వర్ బొమ్మ గీస్తుందే తప్ప వాటాలు లెక్క కట్టదు. లెక్క ఆలిమ్‌తో, రిజిస్ట్రేషన్ సంగతి వకీలుతో చూపించుకోవాల్సిందే.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే?

మన భాషలవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇదే. కంటైనర్‌లో తెలుగు, ఉర్దూ ఫాంట్లు లేకపోతే పేర్ల చోట ఖాళీ డబ్బాలు పడతాయి. ల్యాప్‌టాప్‌లో ఫాంట్ ఉన్నా లాభం లేదు, అది కంటైనర్ లోపల ఉండాలి. నోటో సాన్స్ తెలుగు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ రెండూ ఉచితం. వాటిని ఒక ఫోల్డర్‌లో వేసి, సర్వర్ నడిపే ఆదేశంలోనే 'హైఫన్ వి' ద్వారా కంటైనర్‌లోని ఫాంట్ల ఫోల్డర్ కిందికి కలపాలి.

పెద్ద ఖాందాన్‌లకు ఇంకో ఇబ్బంది. మామూలుగా బొమ్మ 4096 పిక్సెళ్లు దాటితే అంచు కోసేస్తుంది. అంటే చివరి కొమ్మలోని పేర్లు కనిపించవు. ప్లాంట్‌యూఎంఎల్ లిమిట్ సైజ్ అన్న సెట్టింగ్‌ను 8192కు పెంచితే సరిపోతుంది. బొమ్మ రాగానే పేర్లు లెక్కపెట్టి, రాసిన లైన్లతో పోల్చి చూసుకోండి.

తలుపు తెరిచి పెట్టొద్దు

ఈ సర్వర్‌కు మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు. పైన 127.0.0.1 రాయమన్నది అందుకే. దానివల్ల ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. ఆ అంకెలు తీసేసి 8080:8080 అని మాత్రమే ఇస్తే ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లలోనూ కనిపిస్తుంది. అప్పుడు ఉబుంటు ఫైర్‌వాల్ కాపాడుతుందిలే అనుకోవద్దు, డాకర్ తెరిచిన పోర్టు దాన్ని పట్టించుకోదు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ మాత్రం అసలే పెట్టొద్దు.

జెద్దా, దుబాయ్‌లో ఉన్నవాళ్లకు సర్వర్ తెరవక్కర్లేదు, బొమ్మ పంపితే చాలు. కాకపోతే పీఎన్‌జీ ఫైల్ లోపల మనం టైప్ చేసిన రాత కూడా దాగి ఉంటుంది. బొమ్మలో కనపడకుండా పక్కన రాసుకున్న కామెంట్లు సైతం అందులో ఉంటాయి. కాబట్టి ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఎక్కడా రాయొద్దు.

అసలు ఆస్తి ఆ టెక్స్ట్ ఫైలే

సర్వర్ మన షజరాను దాచి పెట్టదు. పేజీ మూసేస్తే రాత పోవచ్చు. రాసింది మామూలు టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. ఇంకో కాపీ అన్నదమ్ముల దగ్గరే కాదు, అక్కచెల్లెళ్లలో ఒకరి దగ్గర కూడా ఉండాలి. ఖరారు చేసే ముందు అందరినీ కూర్చోబెట్టి పేరు పేరునా చదివి వినిపించండి. తప్పిపోయిన పేరు ఉంటే ఒక లైను చేర్చడానికి ఒక్క నిమిషం చాలు. అదే పేరు ఆస్తి పంచేసిన తర్వాత గుర్తొస్తే, దాన్ని సరిచేయడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు.