జీవితపు మలి సగం

మన ప్రాచీనులు మానవ జీవితాన్ని బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అని నాలుగు ఆశ్రమాలుగా విభజించారు. తల నెరసి, మనుమని ముఖం చూచిన గృహస్థు వనానికి వెళ్ళాలని ధర్మశాస్త్రం విధించింది. వానప్రస్థమంటే విశ్రాంతి అని చాలామంది భావిస్తారు. నిజానికి అది కొత్త నియమాలతో, కొత్త సాధనతో మొదలయ్యే మరో జీవితం. నడివయస్సు దాటిన మనిషికి ప్రత్యేకమైన కర్తవ్యం ఉందని గుర్తించడమే అందులోని విశేషం.

నేడు ఆ కర్తవ్యాన్ని గురించి మరల ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. నేడు అది 70 ఏళ్ళ వరకు పెరిగింది. ఆనాడు అందరూ ముప్పై రెండేళ్ళకే మరణించారని దీని అర్థం కాదు. పసితనంలోనే కన్నుమూసేవారు అధికంగా ఉండటం వల్ల సగటు అంతగా తగ్గింది. టీకాలు, ఔషధాలు, రక్షిత మంచినీరు శిశుమరణాలను తగ్గించాయి. పెద్దల ఆయుష్షునూ పెంచాయి. అరవై ఏళ్ళు నిండినవారు సగటున మరో 18 ఏళ్ళు జీవిస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55 ఏళ్ళకు తగ్గించారు. తరువాతి కాలంలో అది మళ్ళీ పెరిగింది. తెలంగాణ 2021లో దానిని 61 ఏళ్ళు చేయగా, ఆంధ్రప్రదేశ్ 2022లో 62 ఏళ్ళు చేసింది. అయినా ఉద్యోగం ముగిసిన తరువాత ఎన్నో సంవత్సరాలు మిగులుతున్నాయి. వాటిని ఎట్లా గడపాలి?

ఈ ప్రశ్నకు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి జీవితమే చక్కని సమాధానం. 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా సుమారు ముప్పై ఏళ్ళు పనిచేసి, 1911లో విరమించారు. ఆ కాలంలో అది సాధారణంగా విశ్రాంతి వయస్సే. కాని ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టాలు అప్పుడే ఊపందుకొన్నాయి. పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొర లేవనెత్తిన సందేహంతో, నలభై ఏళ్ళు దాటిన తరువాత, వ్యావహారిక భాషోద్యమానికి పూనుకొన్నారు. 1919లో, యాభై ఆరవ ఏట, ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించారు. సవరల కొండలలో తిరుగుతూ జ్వరాల పాలై, క్వినైన్ వాడకం వల్ల వినికిడి శక్తి కోల్పోయినా సవర భాషా పరిశోధనను మానలేదు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, ఆ వృద్ధాప్యంలో ఇల్లు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మరణించేవరకు భాషను గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

ఇది హఠాత్తుగా లభించిన ఫలం కాదు. ముఖలింగ దేవాలయ శాసనాలను స్వయంకృషితో చదవడం, సవర మాటలను ఒక్కొక్కటిగా సేకరించడం యౌవనంలోనే ఆరంభించారు. నడివయస్సులో చేపట్టిన పనికి విత్తనం అప్పుడే పడింది. కనుక దీర్ఘజీవితానికి ప్రణాళిక అరవైలో కాదు, పదహారులోనే మొదలు కావాలి. అందుకు మూడు అంశాలు ముఖ్యం: శరీరాన్ని కాపాడుకోవడం, ఆదాయంలో కొంత పొదుపు చేయడం, జీవనోపాధికి సంబంధం లేని ఒక విద్యనైనా శ్రద్ధగా అభ్యసించడం. మొదటి రెండూ దీర్ఘాయువును భరించగలిగేటట్లు చేస్తాయి. మూడవది దానికి అర్థాన్నిస్తుంది.

అయితే అందరికీ ఈ అవకాశం సమంగా లేదు. పొలంలో కూలి చేసేవారికి, బీడీలు చుట్టేవారికి పదవీ విరమణ లేదు. శరీరం అలసినా పని తప్పదు. వారికి పింఛను, వైద్యం అందించడం సమాజ బాధ్యత. చదువు మధ్యలో ఆగినవారికి సార్వత్రిక విద్య ఒక ద్వారం తెరిచింది. 1982లో హైదరాబాదులో స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో కొనసాగుతున్నది. పిల్లలను పెంచి పెద్దచేసిన తల్లి మళ్ళీ పుస్తకం చేతపట్టడం ఇట్లాంటి సంస్థల వల్లనే సాధ్యమవుతున్నది.

ఇంట్లో యాభై ఏళ్ళ తండ్రి కొత్త పని నేర్చుకొంటానన్నా, తల్లి పరీక్ష రాస్తానన్నా ‘ఈ వయస్సులో ఎందుకు?’ అని మనం అనడం తగదు. ఆ ప్రశ్న రేపు మనకే ఎదురుకావచ్చు. వారికి నేడు మనమిచ్చే చేయూతే రేపటి మన జీవితానికి వేసుకొనే బాట.