కొలరాడో చెప్పే టైము

అమెరికాలో దుకాణాల్లో ‘అటామిక్ క్లాక్’ అని అమ్మే గోడ గడియారంలో పరమాణువుల పని ఏమీ ఉండదు. వెనక్కి తిప్పితే ఒక పెన్సిల్ బ్యాటరీ, టైమ్ జోన్ బటన్లు. మూత విప్పితే సన్నటి రాగి తీగ చుట్టిన చిన్న ఫెర్రైట్ కడ్డీ. అదే యాంటెనా. అసలైన పరమాణు గడియారాలు ఉన్నది కొలరాడోలో. వాటి మాటను దేశమంతా చాటేది ఫోర్ట్ కాలిన్స్ దగ్గరి రేడియో కేంద్రం, డబ్ల్యూడబ్ల్యూవీబీ.

1956లో బౌల్డర్‌లో రెండు వాట్లు కూడా వెలువరించని ప్రయోగంగా మొదలై, 1963 జూలైలో ఈ చోటికి వచ్చింది. అప్పట్లో దాని ప్రసారం ప్రయోగశాలలు ఫ్రీక్వెన్సీ సరిచూసుకోవడానికే. 1965 జూలై 1న టైము కోడ్ జతచేశారు. 1990ల చివర్లో ప్రసార శక్తిని 50 కిలోవాట్లకు పెంచాక గానీ చవక గడియారాలకు దారి పడలేదు.

ప్రసారం 60 కిలోహెర్ట్జ్ మీద. ఒక్కో తరంగం పొడవు 5 కిలోమీటర్లు. ప్రతి సెకను మొదట్లో శక్తి పడిపోతుంది: 0.2 సెకను పాటు పడితే సున్నా, 0.5 అయితే ఒకటి, 0.8 అయితే గుర్తు. అంటే సెకనుకు ఒకే బిట్. నిమిషం, గంట, ఏడాదిలో ఎన్నో రోజు, ఏ సంవత్సరం అన్నవన్నీ చెప్పడానికి నిండా ఒక నిమిషం పడుతుంది. ఈ రోజుల్లో ఇంత నిదానంగా మాట్లాడే యంత్రం మరొకటి ఉండదేమో! మధ్యలో ఏ చార్జరో అడ్డుపడితే ఆ నిమిషం వృథా.

రీసెట్ చేసేవాళ్లకు ఈ నిదానమే తలనొప్పి. బ్యాటరీ తీసి వేస్తే ముళ్లు గిరగిరా తిరిగి, చాలా మోడళ్లలో పన్నెండు దగ్గర ఆగుతాయి. తన ముళ్లు ఎక్కడున్నాయో గడియారానికి తెలియదు మరి. పళ్లచక్రాలకు చిన్న రంధ్రాలుంటాయి. అవన్నీ ఒక్క వరసలోకి వచ్చినప్పుడు ఇటువైపు ఎల్‌ఈడీ వెలుగు అటువైపు సెన్సర్ మీద పడుతుంది. ముళ్లు ఎక్కడున్నాయో అలా తేలాక వినడం మొదలుపెడుతుంది. మనవాళ్లు పది నిమిషాలు చూసి, పాడైందనుకుని మళ్లీ రీసెట్ నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. చీకటి పడ్డాక బ్యాటరీ వేసి, తెల్లారేదాకా ముట్టుకోకపోవడం మంచిది. పగలు ఈ తరంగాలను మింగే అయనోస్ఫియర్ కింది పొర రాత్రికి బలహీనపడుతుంది కనుక సంకేతం దూరాలకు బాగా అందుతుంది.

ఏ గోడ అన్నదీ ముఖ్యమే. ఫెర్రైట్ కడ్డీకి పక్కవాటుగా వచ్చే సంకేతం బాగా అందుతుంది, కొనవైపు నుంచి వచ్చేది దాదాపు అందదు. డాలస్‌లో ఉన్నవాళ్లకు కొలరాడో వాయవ్యాన, న్యూజెర్సీ వాళ్లకు పడమరన. కిటికీ దగ్గరి గోడ మేలు. టీవీ, ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు దూరంగా ఉండాలి.

ఒకసారి టైము పట్టాక రోజంతా నడిపేది సెకనుకు 32,768 సార్లు కంపించే మామూలు క్వార్ట్జ్ ముక్కే. అది రోజుకు కాస్త అటూ ఇటూ తప్పితే రాత్రి రేడియో దిద్దుతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ మార్పుకు కోడ్‌లో రెండు బిట్లు కేటాయించారు. 2007లో ఆ తేదీలు మారినప్పుడు ఈ బిట్లను చదివే గడియారాలకు ఏ ఇబ్బందీ రాలేదు. తేదీలను లోపలే రాసిపెట్టుకున్నవి మాత్రం పాత లెక్కకే కట్టుబడ్డాయి.

అలాంటి గడియారాన్ని విజయవాడకు కానుకగా తెస్తే? ఫోర్ట్ కాలిన్స్ మాట ఇక్కడికి వినపడదు. ఇండియాలో ఈ తరహా దీర్ఘతరంగ కేంద్రం లేదు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఒకప్పుడు ఏటీఏ పేరుతో టైము ప్రసారం చేసినా అది షార్ట్‌వేవ్, ఈ కడ్డీకి అందేది కాదు. పైగా అమెరికా జోన్ల బటన్లలో మన ఐదున్నర గంటల లెక్క ఉండదు. చేత్తో టైము పెట్టుకునే బటన్ ఉంటేనే కొనండి. పెట్టాక డేలైట్ సేవింగ్ స్విచ్ ఉంటే ఆఫ్ చేయండి.