కెమెరాతో విదేశ ప్రయాణం

విదేశ ప్రయాణమనగానే మన ఇళ్ళలో ముందుగా సిద్ధమయ్యేవి ఆవకాయ, కందిపొడి. కెమెరా సంగతి బయలుదేరేనాడు గాని గుర్తుకు రాదు. 2023లో మల్లేశ్వరం నుంచి అమెరికాలోని మా అమ్మాయి పురిటికి వెళ్ళినప్పుడు మేమూ అలాగే చేశాము.

వెంట మా అత్తగారు, మామగారి పాత ఫిల్ము కెమెరా ఉన్నారు. మామగారి రోజులలో ఊటీలో తయారయిన ‘ఇందు’ ఫిల్ము బజారులో దొరికేది. ఆ కర్మాగారం మూతబడింది. ఇప్పుడు ఫిల్ము చాలా ప్రియం. అందుచేత రెండే చుట్టలు కొన్నాము. మామగారు పోయిన తరువాత అత్తగారు ఆ కెమెరా ముందు కూర్చొన్నది బారసాలనాడే, మునిమనుమరాలిని ఒళ్ళో పెట్టుకొని.

తిరుగు ప్రయాణంలో ఆ చుట్టలను చీరల మడతలలో పెట్టి, పెద్ద పెట్టెలో భద్రం చేశాము. అదే మా పొరపాటు. విమానంలోకి వేసే సామానును శక్తిమంతమైన ఎక్సురే యంత్రాలతో పరీక్షిస్తారు. ఇక్కడ కడిగించి చూస్తే బొమ్మలన్నిటి మీద బూడిదరంగు అలలు! ఇప్పుడు అత్తగారు లేరు.

కనుక ప్రయాణమయ్యే సోదరీసోదరులకు మా మనవి. కడగని ఫిల్మును చేతిసంచిలోనే ఉంచుకోండి. డబ్బాలలోంచి తీసి, పారదర్శకమైన సంచిలో వేసి, చేతితో పరీక్షించమని తనిఖీవారిని మర్యాదగా అడగండి. అమెరికాలో ఇందుకు ఒప్పుకొంటారు. కొన్ని దేశాలలో అది అధికారి ఇష్టం. పాతరకం ఎక్సురే ఒకటి రెండుసార్లు తగిలితే సాధారణ ఫిల్ముకు అంత భయం లేదు. ఐ.ఎస్.ఓ. 800, అంతకు మించినవాటిని మాత్రం తప్పించాలి. కొత్తగా వస్తున్న సీటీ యంత్రమైతే ఒక్కసారికే ఏ ఫిల్మునైనా పాడుచేయగలదు. కెమెరాలో సగం వాడిన చుట్ట ఉంచవద్దు. వీలైతే అక్కడే కడిగించి తెచ్చుకోండి. కడిగిన ఫిల్ముకు, డిజిటల్ కార్డులకు ఎక్సురే భయం లేదు.

విడి లిథియం బ్యాటరీలు కూడా చేతిసంచిలోనే ఉండాలి. వాటి కొనలకు టేపు అంటించండి. పాత కెమెరా అయితే నెల ముందే ఒక చుట్ట వాడి, కడిగించి చూసుకోండి.

వచ్చే ఉగాదికి మళ్ళీ వెళుతున్నాము. ఈసారి ఆవకాయ పెట్టెలోకి, ఫిల్ము మా చేతిలోకి.