అడవి పక్క చేనుకు అగ్గి భయం: ఆచ్ఛాదన ఉన్నోళ్లు ఏం చేయాలె?



ఫిబ్రవరి నుంచి మే దాకా మన అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమలలో ఆకు రాలి, గడ్డి ఎండి ఉంటది. అగ్గి ఎక్కువగా మనుషుల వల్లనే పుడుతది. ఆర్పకుండా పడేసిన బీడీ ముక్క, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు, చేలో కాల్చిన పత్తి కట్టె... ఏదైనా చాలు. రిజర్వు అడవికి అంటుకునేలా నిప్పు వదిలేసినా చట్టప్రకారం నేరమే.

"మనం కాల్చం కదా, మనకేం భయం?" అనుకోవద్దు. నిరుడు పక్క చేను గట్టు మీది మంట గాలికి మా మామిడి తోటలోకి వచ్చింది. రెండు సాళ్ల ఆచ్ఛాదన, డ్రిప్ పైపులు కాలిపోయినయి. తేమను కాపాడే ఆచ్ఛాదనే ఎండితే మంటకు మేత అయితది.

అందుకే ఈ పనులు చేయండి:

1. అడవి వైపు, గట్ల వెంట 3 మీటర్ల పట్టీ దున్ని, ఎండు గడ్డి లేకుండా ఉంచండి. అక్కడ ఆచ్ఛాదన వేయొద్దు.
2. పత్తి కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి, పేడ, జీవామృతం కలిపి కంపోస్టు చేయండి. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని గాలిలో కలుస్తది.
3. డ్రమ్ములో నీళ్లు, స్ప్రేయర్ సిద్ధంగా పెట్టుకోండి.
4. మంట చిన్నగుంటే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పండి. గాలి ఎక్కువుంటే దగ్గరికి పోవద్దు. 101కి, అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.

పట్టీ ఎట్లా దున్నాలో వీడియోలో చూపించిన. చూసి, పక్క చేను రైతుకు కూడా చెప్పండి. ఆయన గట్టు కాలితే మన చేనూ కాలుతది.